తలుపు మీద అంటించిన ప్రశ్న

విదేశంలో మేముంటున్న కానింగ్ వేల్ పేటలో మా పక్కింటి డాక్టరాంటీ పోయారు. మంగళవారం పొద్దున నేను ల్యాబ్‌లో పనిలో ఉండగా అంకుల్ ఫోన్ చేసి, "మీ ఆంటీ వెళ్ళిపోయిందమ్మా" అని పెట్టేశారు. వచ్చే వారం నా మెడిసిన్ సీటు ఇంటర్వ్యూ. నిరుడు అక్కడే తప్పాను. ఈసారి గట్టెక్కించే పూచీ నాదన్న మనిషి ఇప్పుడు లేరు.

ఆ ఇంటర్వ్యూ ఎలా ఉంటుందో తెలియనివాళ్ళకు చెబుతాను. వరసగా గదులుంటాయి. ఒక్కో తలుపు మీద ఒక్కో సమస్య రాసి అంటిస్తారు. బయట నిలబడి చదువుకోవాలి. గంట కొట్టగానే లోపలికెళ్ళి మాట్లాడాలి. మళ్ళీ గంట కొడితే మాట సగంలో ఉన్నా లేచి వచ్చేయాలి. ఆంటీ తన ఇంటినే అలా మార్చేశారు. లాండ్రీ తలుపుకొకటి, గరాజ్ తలుపుకొకటి. గంటకు బదులు స్టీలు గ్లాసు మీద చెంచా. అంకుల్ కోపిష్టి పేషెంటు వేషం కట్టి, నవ్వాపుకోలేక ఆవిడ చేత తిట్లు తినేవారు.

నేనేమో గుంటూరులో ఇంటర్ చదివినదాన్ని. జాలిపడటం కూడా బట్టీ పట్టేశాను. ఆంటీకి ఒళ్ళు మండేది.

"నేను ఏడుస్తుంటే పాయింట్లు అప్పజెపుతావేంటే? ముందు కూర్చో. తర్వాత నోరు తెరువు."

ఎంత చెత్తగా చేసినా చివర్లో పెరుగన్నం పెట్టేవారు. "ఫెయిలైనవాళ్ళకీ ఆకలేస్తుందే, తిను" అనేవారు.

చివరిసారి ప్రశ్న పడగ్గది తలుపు మీద అంటించారు. జబ్బు ముదిరిపోయిందని పేషెంటుకు చెప్పాలి. పేషెంటు ఆంటీయే. "ఐ యామ్ సో సారీ" అని మొదలుపెట్టాను. ఆవిడ "సారీ తర్వాత. నాకు భయంగా ఉందే" అన్నారు. ఎంత బాగా నటిస్తున్నారో అనుకున్నాను. అప్పటికే ఆవిడ రిపోర్టులు వచ్చేశాయట. అంకుల్ ఈ మధ్యే చెప్పారు.

నాకిప్పుడు ఆ ఇంటర్వ్యూకి వెళ్ళాలని లేదు. ఎదురుగా కూర్చున్న మనిషి భయమే కనిపెట్టలేనిదాన్ని, డాక్టరునై ఎవర్ని ఉద్ధరిస్తాను?

నిన్న గిన్నెలో పెరుగన్నం కలిపి తీసుకెళ్ళాను. పడగ్గది తలుపు మీద ఆ కాగితం అలాగే ఉంది. లోపల ఆంటీ దుప్పటిని సగం మడతపెట్టి ఆగిపోయి, అంకుల్ మంచం అంచున కూర్చుని ఉన్నారు. నేర్చుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. గిన్నె నా ఒళ్ళోనే ఉంది. ఇక లేవమని గ్లాసు మీద చెంచా కొట్టేవాళ్ళు ఆ ఇంట్లో లేరు.