విత్తనాల వరుసను ఎవరు మార్చారు?

నిరుడు ముంగారు తొలి వాన పడిన వారంలో జరిగింది ఇది. అనంతపురంలో చిన్న గది అద్దెకు తీసుకుని సాఫ్ట్‌వేర్ రాసిపెడుతుంటాను. కంబదూరు వైపు ఒక రైతు సంఘానికి వేరుశనగ విత్తనాల నమోదు యాప్ చేసింది నేనే. నాకు మొదటినుంచీ అనుమానం ఎక్కువ. తాళం వేశాక మళ్ళీ వెనక్కి వచ్చి లాగి చూసే మనిషిని. ఈ పనికి ఆ గుణం బాగానే పనికొస్తుంది.

ఆ పల్లెల్లో ఫోన్లో మాట వినిపిస్తుంది గానీ నెట్ అందదు. అందుకని రైతు పేరు ఎక్కించగానే ఫోనే సొంతంగా ఒక ఐడీ తయారు చేసేలా రాశాను. ఐడీ ముందు భాగంలో నమోదైన సమయం, వెనక భాగంలో ఇష్టమొచ్చినట్టు పుట్టే అక్షరాలు. వెనక భాగం వల్ల ఒకరి ఐడీ మరొకరిదానితో కలవదు. ముందు భాగం వల్ల అన్ని ఊళ్ళవీ కలిపి పేర్చగానే ఎవరు ముందు వచ్చారో తేలిపోతుంది. దీన్ని మేము సార్టబుల్ ఐడీ అంటాం. నెట్ ఉన్న చోటికి వచ్చినప్పుడు అవన్నీ సర్వర్‌కు, అంటే అందరి వివరాలూ చేరే పెద్ద కంప్యూటర్‌కు, వస్తాయి.

సంఘం ఆఫీసు నుంచి ఫోన్ వెళ్ళగానే అన్ని ఊళ్ళలో నమోదు ఒకేసారి మొదలైంది. విత్తనాలు అందరికీ చాలవు, ముందు నమోదైనవాళ్ళకే దక్కుతాయి. మర్నాడు వరుస చూసుకుని ఓబులేసు అనే రైతు నేరుగా నా గదికే వచ్చాడు.

"ఏమప్పా, మా ఊళ్ళో అందరికంటే ముందు నిలబడింది నేను. నా పేరు అడుగున యాడికో పోయిండాది. సంఘం అధ్యక్షుని ఊరోళ్ళంతా పైన ఉండారు. ఎవరు చెప్తే మార్చినావు?"

"నేనేమీ మార్చలేదన్నా."

"మార్చినోడు మార్చినానని చెప్తాడా? నేలలో తడి, పదును ఆరిపోతాండాది. ఆ లోపల విత్తనం పడకుంటే ఈ ఏడు నా చేను బీడే."

కోపం వచ్చింది. అయినా వరుస తెరిచి చూశాను. అతనొక్కడే కాదు, అతని ఊరి వాళ్ళందరూ అడుగునే ఉన్నారు. నాకూ అధ్యక్షుడి మీద అనుమానం పుట్టింది. సర్వర్‌లో ఎవరైనా చెయ్యి పెట్టారేమోనని వెతికితే, ఎవరూ ముట్టుకున్న జాడ లేదు. ఇక మిగిలింది ఆ ఊళ్ళో పేర్లు ఎక్కించిన లక్ష్మీదేవి. కావాలనే ఆలస్యం చేసి ఉంటుందని తీర్మానించుకుని, ఓబులేసును బండి వెనక ఎక్కించుకుని బయల్దేరాను.

అడగగానే ఆమె మొహం మాడ్చుకుంది. "ఆఫీసు నుంచి ఫోన్ వచ్చిన గడియకే మొదలుపెట్టినాను సార్. మా నాయన పేరు కూడా అడుగునే ఉండాది. మా నాయన్నే ముంచుకుంటానా?"

అయినా నమ్మలేదు. ఫోన్ ఇమ్మని తీసుకుని చూస్తే, అందులో టైము నా ఫోన్ కంటే అరగంట ముందుంది.

"ఇదేందమ్మా?"

"మా ఇంట్లో గోడ గడియారమూ అంతే సార్. పొద్దున ఒకటే బస్సు. అరగంట ముందుకు తిప్పి పెట్టుకోకుంటే దొరకదు. అందుకే ఫోన్లోనూ అట్లే మార్చుకున్నాను."

"ఈడ అందరి ఇండ్లలోనూ అంతే కదప్పా," అన్నాడు ఓబులేసు.

నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. ఫోన్ తనకు తెలిసిన సమయాన్నే ఐడీలో రాసింది. బస్సు కోసం ముందుకు తిప్పిన గడియారం ఆ ఊరిని విత్తనాల దగ్గర అరగంట వెనక్కి నెట్టేసింది. ఊరికే ఒక ఆడమనిషిని దొంగను చేసినందుకు సిగ్గేసింది.

ఒకసారి పుట్టిన ఐడీని మార్చకూడదు. అందుకని ఫోన్ సమయానికీ సర్వర్ సమయానికీ ఉన్న తేడా తీసేసి, సంఘం వాళ్ళందరి ఎదురుగా వరుస మళ్ళీ పేర్చాను. ఓబులేసు పైకొచ్చాడు. కిందికి జారినవాళ్ళు నన్ను తిట్టుకున్నారు. వాళ్ళ దృష్టిలో వరుస మార్చింది నేనే. పదును ఉండగానే ఓబులేసు చేలో విత్తనం పడింది.

ఆ ఐడీలు ఒకదానితో ఒకటి కలవలేదు, అంతవరకు వాటిని నమ్మవచ్చు. ఎవరు ముందో చెప్పినప్పుడు మాత్రం ఎవరి గడియారం చూసి చెబుతున్నాయో అడగాలి. ఇప్పుడు ఏ యాప్ రాసినా మొదట అదే అడుగుతాను.

విత్తనాల మూట ఎత్తుకుంటున్న ఓబులేసుకు ఇదంతా విడమరిచి చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"సరేప్పా. మీ పెద్ద కంప్యూటర్ గడియారాన్ని ఎవరూ తిప్పలేదని నీకెట్ల తెలుసు?"

నవ్వేసి వచ్చేశాను. గదికి చేరి తాళం తీయగానే ముందు అదే చూశాను. సరిగ్గానే ఉంది. కంప్యూటర్ కట్టేసి బయటికి వచ్చినవాణ్ణి, వెనక్కి వెళ్ళి మళ్ళీ చూశాను.