వీణ కాదు, గిటార్ అని చెప్పేశాను

ఎడ్మంటన్‌లో మా తెలుగు సంఘం పిల్లల డాన్స్‌కి పాట రికార్డు చేసే పని నాది. వీణ కోసం పోయిన వారం రాజ్యలక్ష్మి ఆంటీని మా బేస్‌మెంట్‌కి పిలిచాను. ఇక్కడి పిల్లలకు ఎన్నో ఏళ్లుగా వీణ నేర్పుతున్నారావిడ. ఆ రోజు వేళ్లు సరిగా కదల్లేదు. గమకం దగ్గర పదే పదే తడబడ్డారు. "చాలా బాగుంది ఆంటీ" అని పంపించేసి, ఆవిడ వాయించిందంతా తీసేశాను. నా దగ్గర మిడి గిటార్ ఉంది. దాని తీగ మీటితే కంప్యూటర్‌లో మనకు కావలసిన వాయిద్యం పలుకుతుంది. వీణ శబ్దం పెట్టుకుని మొత్తం నేనే వాయించాను.

ఈ రోజు మధ్యాహ్నం రిహార్సల్లో ఆ పాట వేశారు. ఆంటీ కళ్లు మూసుకుని విన్నారు.

"చూశారా, డాక్టరు ఇంక వీణ ముట్టుకోవద్దన్నాడు. నా చెయ్యి ఇంకా పోలేదమ్మా," అన్నారు పక్కనున్న తల్లులతో. అందరూ చప్పట్లు కొట్టారు.

నాకు రావలసిన చప్పట్లు అవి. ఓర్చుకోలేకపోయాను.

"అది మీరు వాయించింది కాదాంటీ. నేను గిటార్ మీద వాయించా," అన్నాను, అందరికీ వినబడేలా.

"నాకే తేడా తెలియలేదు నాయనా," అని ఆవిడ లేచి కోటు వేసుకున్నారు. జిప్ పట్టు చిక్కక అవస్థ పడుతుంటే ఒకావిడ వచ్చి పెట్టింది.

సాయంత్రం నుంచీ సంఘం గ్రూపులో నన్ను మెచ్చుకుంటూ మెసేజ్‌లు వస్తున్నాయి. అన్నిటికీ థాంక్స్ చెబుతున్నాను. మీరైతే ఊరుకునేవారా? నిజమే చెప్పండి, నేను చెప్పాను కదా.