జీవరాజు చల్లిన ముగ్గుపిండి

ఎద్దుబండి ఇరుసు వంకరైతే దెబ్బలు తినేది ఎద్దే. రథాల కథలు ఎన్ని తిరగేసినా గుర్రాల వన్నె చెబుతారు, విల్లు పట్టినవాడి గోత్రం చెబుతారు. ఇరుసు ఊసు ఎవడికీ పట్టదు. నర్సీపట్నంలో, బలిఘట్టం రోడ్డులో షెడ్డు పెట్టుకున్న మెకానిక్ జీవరాజుకి మాత్రం ముప్పై ఏళ్లుగా అదే పట్టింపు. ఫోనెత్తడు, పూట పనిని రోజంతా చేస్తాడు. అయినా లారీలు వరసకట్టి ఆగుతాయి.

ఆ ఉదయం ఒక పెద్ద ట్రైలర్ వచ్చి ఆగింది. ఓనరు రమణబాబు దిగి తాళం తన జేబులో వేసుకున్నాడు. వెనకే డ్రైవరు సింగన్న దిగాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు.

"బండి కుడికి లాగేత్తందంటాడండీ ఈడు. స్టీరింగ్ బాక్సు రెండుసార్లు మార్పించాను. ఇంక మార్చాల్సింది ఈణ్ణే. సోమవారం నుంచి కొత్త డ్రైవరొస్తాడు. బండి బాగుందని మీరో మాట సెప్పేయండి, సాలు," అన్నాడు రమణబాబు.

"ఇరవై రెండేళ్లు నడిపేనన్నా. నా సేతులే సెడిపోయాయేమో మరి," అన్నాడు సింగన్న, నేల చూస్తూ.

ఆ మాట జీవరాజుకి ముల్లులా దిగింది. కుర్రతనంలో ఒకసారి ఇలాగే, ముందు చక్రాలు మాత్రం చూసి "బండికేం నేదు" అనేశాడు. ఆ డ్రైవరు పని పోయి ఊరే వదిలేశాడు. లోపం వెనక ఉందని తర్వాత తెలిసింది. తప్పు చెప్పుకోడానికి ఆ మనిషి దొరకలేదు.

"ఏ జబ్బ నొప్పి నీకు?" అని సింగన్నని అడిగాడు.

"ఎడమదన్నా. రోజంతా ఎడమకి లాక్కుంటానే ఉండాల."

జీవరాజు బోనెట్ ఎత్తలేదు. ఓనరు చేత తాళం ఇప్పించి, ట్రైలర్ విప్పించి, ఇంజన్ బండిని విడిగా నిలబెట్టించి, ఎదురు టీకొట్టు నూకరత్నాన్ని ముగ్గుపిండి అడిగాడు.

"ఏటన్నా, క్రిస్మస్‌కైనా ముగ్గెయ్యనోడివి, లారీకేత్తావా?"

"నానెయ్యను, బండే ఏత్తాది. బేగి తే."

ముందు చక్రాల ఎదుట పిండి చల్లాడు. వెనక చక్రాల మీద బకెట్టు నీళ్లు కుమ్మరించాడు. సింగన్న బండిని తిన్నగా నడిపాడు. రోడ్డు మీద ముందు చక్రాల జాడ తెల్లగా, వెనక చక్రాల జాడ తడిగా పడ్డాయి. వెనకవి జోడు చక్రాలు కాబట్టి తెల్లగీతలకి బయట రెండు పక్కలా తడి సమానంగా రావాలి. ఎడమన నాలుగు వేళ్ల మేర ఎక్కువుంది, కుడిన అసలే లేదు.

"సూడండి రమణబాబుగారూ, మీ బండి పీతలాగ పక్కకి నడుస్తంది. ఈడు రోజూ దాన్ని మనిషిలాగ నడిపిస్తన్నాడు."

కిందికి దూరితే సంగతి బయటపడింది. వెనక ఎడమ చక్రం మీది కమాన్ కట్టలో, ఆ స్ప్రింగు పట్టీల దొంతరని కదలకుండా పట్టే సెంటర్ బోల్టు తెగి, యాక్సిల్, అదే ఇరుసు, ఆ పక్క వెనక్కి జరిగిపోయింది.

కొత్త బోల్టు వేసి, యాక్సిల్ సరిచేసి, దాన్ని కట్టకి పట్టే బోల్టులన్నీ బిగించేసరికి మధ్యాహ్నం దాటింది. జీవరాజు పట్టుబట్టి ఓనరునే డ్రైవరు పక్కన కూర్చోబెట్టి నక్కపల్లి దాకా పంపాడు. బండి పోనూ రానూ తిన్నగా నడిచింది. తిరిగొచ్చి సింగన్న ఇంజన్ ఆపాడు. పొద్దుటిలాగే తాళం తీసి ఓనరుకి చాపాడు.

రమణబాబు అందుకోలేదు. "నాకెందుకురా? నీకాడే ఉంచు."

జీవరాజు చేతుల గ్రీజు తుడుచుకుంటూ అన్నాడు: "వంద కిలోమీటర్లు నడిచాక ఆ బోల్టులు మళ్లీ బిగించాల. మర్సిపోయి మళ్లీ ఆడి సేతుల్ని అనకండి."