పండ్లు లేని ముసలోని గొంతు

ఏండ్ల సంది ఒక గొంతు మోస్తున్న. పండ్లు లేని ముసలోని గొంతు. సిమెంటు బస్తా అయితే దించి నడుం పట్టుకుంటుంటి. దీన్ని ఎక్కడ దించాల్నో తెల్వక, ఇన్నొద్దులు నవ్వులాటల కింద దాచిపెట్టిన. ఇయ్యాల నీ ముందట దించుతున్న. ఏడుస్తననుకోకు.

మా ఊళ్లె సర్పంచ్ ఎలక్షన్లు వచ్చినయ్. మా ఒక్క పార్టీలనే ఇద్దరు లేచిన్రు. గంగారాం, మల్లేశం. ఊరి కార్యకర్తలంత కలిసి ఒకన్ని తేల్చుకోన్రి అన్నరు పెద్దలు. ఇక్కడ ఒమన్‌ల, రైసూత్ సైట్ మీద ఉన్న మేం గూడ ఫోన్లల్లనే రెండు ముక్కలైనం. నేను గంగారాం దిక్కు. ఇప్పటికీ ఆ దిక్కే. మా వాడకు నీళ్ల ట్యాంకు ఆయనైతేనే పట్టుబట్టి కట్టిస్తుండె. ఆ మాట మీద నన్ను ఎవడు కదిలియ్యలేడు.

తప్పు నా నోట్ల ఉంది.

మల్లేశమన్న అంతకు ముందు మా కంపెనీలనే చేసిండు. చెప్పకుండ కంపెనీ వదిలి పోయినోన్ని ఇక్కడ మనోళ్లు కల్లివెల్లి అంటరు. ఆయన గట్లనే పోయి, పాస్‌పోర్ట్ చేతిల లేనోళ్లకు ఎంబసీ ఇచ్చే ఔట్‌పాస్ మీద ఇల్లు చేరిండు. నేను ఒకనాడు తిండి గంటల ట్యాంకర్ నీడకు కూసోని, పండ్లు లేని ముసలోని లెక్క గొంతు మార్చి వాయిస్ మెసేజ్ చేసిన. "కంపెనీల కెల్లి ఉరికినోడు ఊళ్లె ఉంటడా బిడ్డా? గెలిస్తె కుర్చీకి కట్టేయున్రి. కల్లివెల్లి సర్పంచ్!" ఇంటికి పోయినోడొకడు వదిలేసిన సిమ్ముతోని ఊరోళ్లకు పంపిన. పొద్దుగూకేసరికి ఊరంత నవ్వింది.

ఉరికిండు అన్న. ఎందుకురికిండో అనలే. ఎండకు నేను కూలవడితె సూపర్‌వైజర్ బండి ఇయ్యనన్నడు. మల్లేశమన్న బల్ల మీది తాళంచెవి గుంజుకొని, లైసెన్స్ లేకున్నా కంపెనీ పికప్‌ల నన్ను దవాఖానకు తోలిండు. బండి దొంగతనం కేసు పెడ్తమన్నరు. అందుకే ఉరికిండు. "నేను కూలవడ్డ సంగతి ఊళ్లె చెప్పకన్నా, ఇంటోళ్లు వాపస్ రమ్మంటరు" అని నేనే బతిమాలిన. చెప్పలే ఆయన. ఇన్ని మాటలు పడుకుంట గూడ చెప్పలే.

నా మెసేజ్‌తోని మల్లేశం పక్కకు పోతడనుకున్న. పోలే. పార్టీ ఆయన్నే నిలవెట్టింది. ఆ ముసలోన్ని గంగారామే మాట్లాడిచ్చిండని పుకారు లేచింది. గంగారాం పిల్లల మీద ఒట్టేసిండు. ఎవ్వలు నమ్మలే, పార్టీల కెల్లి ఎల్లగొట్టిన్రు. ఆయన మనుషులు ఓటెయ్యకుండ ఇంట్లనే కూసునేటట్టున్నరని నాకు వినవడుతనే ఉండె.

అప్పుడు మల్లేశమన్న ఫోన్ చేసిండు.

"అరేయ్, అందరి గొంతులు తీస్తవ్ గదా. ఎవడురా ఈ ముసలోడు?"

"పండ్లు లేవు గదనే. పండ్ల డాక్టర్‌ను అడుగుదాం."

నవ్విండు. నవ్వి, "నేనెందుకు ఉరికిన్నో నీకెరుకనే గద. ఊళ్లె మనోళ్లకు ఒక్క మాట చెప్పుర" అన్నడు.

"చెప్తనే అన్నా."

చెప్పలే.

అవతలి పార్టోళ్లకు కష్టమే లేకపాయె. నా మెసేజ్‌నే ఆటోకు మైకు కట్టి వాడవాడకు తిప్పిన్రు. మల్లేశం ఓడిండు. గంగారాం ఇప్పటికీ పార్టీ బయటనే. ఇద్దరికి మాటల్లేవు.

ఎందుకు నోరు తెరవలే? భయమా? గంగారాం మీద ప్రేమనా? ప్రేమైతె ఆయన్ని ఎల్లగొడ్తుంటె ఎందుకు చూసుకుంట ఊకున్న? నిజం చెప్పాల్నంటె, ఆరు తరగతులు గూడ సక్కగ చదవని నా మాటకు ఊరు ఊరంత నవ్విన ఆ ఒక్క పొద్దు నేనే అందరికంటె పెద్దోన్ని అనిపించింది, ఆ నవ్వును వాపస్ ఇయ్య బుద్ధి కాలే.

మాఫీ అడుగుతలేను. గంగారామే మంచోడన్న మాట గూడ వాపస్ తీసుకోను. ఎవలికన్న చెప్తవా? చెప్పుకో. ఆ ముసలోడు గంగారాం మనిషి గాదు. ఆ ముసలోడు నేనే. నా పండ్లన్ని మంచిగనే ఉన్నయ్.