కరెంటు లేని బోర్డు రెండుసార్లు తట్టింది

దయ్యాలంటే నాకు భయం లేదు, విసుగు. మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు దానంతటదే పైకి పోతోందని అందరూ దణ్ణాలు పెడుతుంటే, రిలే పోయిందని చెప్పి మార్చిన మనిషిని నేను. అలాంటిదాన్ని ఇది రాస్తున్నానంటే నాకే కొంచెం సిగ్గుగా ఉంది.

గవర్నర్‌పేటలో మాది చిన్న రిపేరు షాపు. రైస్ మిల్లుల్లో బియ్యంలోంచి నల్ల గింజల్ని ఏరే కలర్ సార్టర్లుంటాయి కదా, వాటి బోర్డులు బాగుచేస్తాం. జారిపోయే ప్రతి గింజనీ వెలుగులో ఒక సెన్సర్ చూస్తుంది. అది పంపే రవ్వంత సిగ్నల్‌ని పెంచేది ఆప్‌యాంప్ అనే చిప్పు. "రెప్పపాటులో చెప్పాలి, తను మాత్రం గోల చెయ్యకూడదు. అచ్చం నీకు రివర్సు, అమ్మాయ్," అనేవారు మాస్టారు.

మాస్టారంటే జోసఫ్ గారు, నాకు పని నేర్పినాయన. స్విచ్ వేసే ముందు బల్ల మీద రెండుసార్లు తట్టేవారు. టక్, టక్. బోర్డులో ఎవరి చెయ్యైనా ఉంటే తీసుకోమని. వయసులో ఉండగా ఎవరో చెప్పకుండా స్విచ్ వేస్తే ఆయన వేలు కాలిందట. ఆయన పోయాక షాపు నా మీద పడింది. నా ఒక్కదాని మీద మిల్లుల వాళ్లకి నమ్మకం కుదరలేదు.

ఆర్నెల్లకి చల్లపల్లి దగ్గర ఒక మిల్లు వాళ్లు పిలిచారు. అక్కడ పోయింది ఆ చిప్పే. అంత వేగంగా, అంత తక్కువ నాయిస్‌తో పనిచేసేది బజార్లో దొరకదు. మాస్టారు డబ్బాలో దాచిన ఆఖరిది ఒక్కటే మిగిలింది. అదీ కాలిపోతే ఆ మాట అన్ని మిల్లులకీ పాకేది, నేను షాపు మూసుకునేదాన్ని.

మధ్యాహ్నం పూట, మిల్లంతా ఆపేసి ఉంది. బోర్డు విప్పి ఆఫీసు గదిలో బల్ల మీద పెట్టుకున్నాను. సెన్సర్ మీద వెలుగు పడకుండా నల్ల టేపు వేశాను. సిగ్నల్ చూపించే స్కోపు, బోర్డుకిచ్చే సప్లై, రెండూ బ్యాటరీవే, గోడ కరెంటుతో పనిలేదు. ఓనరు గారు నెత్తిన నిలబడి "అవుద్దంటారా మేడమ్?" అని నాలుగోసారి అడిగారు. చిరాకేసింది. గబగబా చిప్పు అతికించి, తట్టకుండానే స్విచ్ మీద వేలు పెట్టాను.

స్కోపు తెర మీద గీత రెండుసార్లు పైకి లేచింది. మాస్టారు తట్టినంత ఎడంతో. మళ్లీ చదునైపోయింది.

బోర్డుకి నేనింకా కరెంటే ఇవ్వలేదు.

వేలు వెనక్కి తీసేసుకున్నాను. భూతద్దం పెట్టి చూస్తే, చిప్పుని ఎటు తిప్పి పెట్టాలో చూపించే చుక్క ఉండాల్సిన మూలన లేదు. తిరగేసి అతికించేశానన్నమాట. స్విచ్ వేసుంటే అక్కడికక్కడే మాడిపోయేది. ఇన్నేళ్ల అనుభవం ఉండి, మొదటిరోజు చేసే తప్పు.

తీసి సరిగ్గా పెట్టాను. సాయంత్రానికి మిల్లు తిరిగింది. ఓనరు గారు కాఫీ ఇప్పించి, వాళ్ల బావమరిది మిల్లుక్కూడా రమ్మన్నారు.

బోర్డు తిరిగి బిగించే ముందే, మళ్లీ అలాగే కరెంటివ్వకుండా బల్ల తట్టి చూశాను, వైర్లు కదిపాను, మోటార్లు వేయించాను, ఫోన్ పక్కన పెట్టాను. గీత లేవలేదు. తెలిసిన ఇంజనీరు ఒకాయన "వైరు కదిలుంటుందండీ" అన్నాడు. సరే, సరిగ్గా రెండుసార్లే ఎందుకు కదిలిందంటే "అది మాత్రం తెలీదండీ" అని నవ్వాడు.

నాకూ తెలీదు. కానీ ఆ రోజు నుంచి షాపులో ఒక్కదాన్నే కూర్చున్నా దిగులనిపించడం లేదు, హాయిగా ఉంది. ప్రతి బోర్డుకీ రెండుసార్లు తట్టిన తర్వాతే స్విచ్ వేస్తున్నాను. తట్టాక ఒక్క క్షణం ఆగుతాను. మాస్టారు చెయ్యి తీసుకోవాలి కదా.