ఫిడేలాయన చెయ్యి

పొద్దున్నే ఫిడేలాయన వేడినీళ్ల గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుని కూర్చుంటాడు. వేళ్ల వణుకు కాస్త సద్దుమణిగాక కిటికీ పక్కకు జరిగి, గడ్డం కింద రుమాలు మడిచి పెట్టుకుని కమాను ఎత్తుతాడు. వయసులో ఉండగా స్టూడియోల్లో ఎందరి పాటల వెనకో వాయించాడు. ఒక్క క్యాసెట్టు అట్ట మీదా ఆయన పేరు పడలేదు. ఆ పాటల్లో ఒకదాని ముక్కను ఇంట్లో వాయిస్తుంటే కోడలు ముచ్చటపడి, ఫోన్లో తీసి ఇంటర్నెట్‌లో పెట్టింది. నిమిషం తిరక్కుండా ఆ వీడియో ఆగిపోయింది. ఈ సంగీతం మీది కాదు, ఫలానా కంపెనీదని, పాత రికార్డులతో పోల్చి పట్టుకునే యంత్రం నుంచి నోటీసు వచ్చింది.

కోడలికి ఒళ్లు మండింది. "అప్పుడూ ఇప్పుడూ వాయించింది మీరే కదా మావయ్యా. అభ్యంతరం చెప్పుకునే హక్కు మనకుంది. పెడతాను."

ఆయన నోరు తెరుచుకుని ఫోను వంకే చూస్తున్నాడు. "అన్ని కోట్ల పాటల్లో నా చేతిని పోల్చుకుందా? పక్కింటివాళ్లకే తెలీదు, దానికెలా తెలిసిందమ్మా? ఏం పెట్టకు. తీర్పు బాగానే చెప్పింది."

అప్పటినుంచి రోజూ అదే ముక్క వాయించి, ఎక్కించమంటాడు. చెయ్యి మరీ వణికిన నిన్న మాత్రం వీడియో ఏ అడ్డూ లేకుండా ఎక్కిపోయింది. ఆ పూట ఆయనకు ముద్ద దిగలేదు. ఈ ఉదయం కోడలు కూడా పనులు వదిలేసి ఫోను చూస్తూ నిలబడింది.

"ఆపేసింది మావయ్యా."

ఆయన కమాను వదులు చేసి, ఫిడేలును పసిబిడ్డలా పెట్టెలో పడుకోబెట్టాడు.

"అయితే చెయ్యి ఇంకా నాదేనన్నమాట."