చచ్చిన పీత విడిచిన కుబుసాలు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. చిన్నప్పుడూ లేదు, ఇంటర్ పిల్లలకు ఏళ్ళ తరబడి జువాలజీ పాఠాలు చెప్పాక అసలే లేదు. ఫార్మలిన్ సీసాల మధ్య రోజంతా గడిపే మనిషిని. నాకు జరిగింది కాబట్టి రాస్తున్నాను. అందులో నా తప్పు ఉంది కాబట్టి కూడా.

మాది విజయవాడలో గుణదల. హాల్లో నాలుగడుగుల ఉప్పునీటి అక్వేరియం ఉండేది. దానికి సముద్రపు నీళ్ళు నాంచారయ్య గారు తెచ్చేవారు. బందరు దగ్గర చేపలు పట్టే కుటుంబం వాళ్ళది. ఆదివారం పొద్దున్నే చేపల వ్యాన్‌లో వచ్చి నీళ్ళ క్యాన్లు మా గేటు దగ్గర దింపేవారు.

ఒకసారి వలలో పడ్డాయంటూ రెండు రాళ్ళు కూడా తెచ్చారు. నిండా గుల్లలు, నాచు. అలాంటి రాళ్ళలో ఏవేవో జీవాలు దాక్కుని వస్తాయి. అవేమిటో గుర్తుపట్టడం నాకు సరదా. రాళ్ళను అక్వేరియంలో దింపి, టార్చి వేసి చూసి నోటుబుక్కులో రాసుకున్నాను: రెండు నత్తలు, సన్నటి చేతులున్న ఒక నక్షత్ర చేప, కాళ్ళ మీద నల్లటి నూగున్న ఒక పీత. చొక్కా గుండీ కంటే కాస్త పెద్దది. ఎడమ డెక్క కొస విరిగి ఉంది.

మూడు వారాలకు నా ఐదు చేపల్లో రెండు మాయమయ్యాయి. ముల్లు కూడా మిగల్లేదు. నూగుకాళ్ళ పీతలు చేపల్ని తింటాయని అక్వేరియం వాళ్ళ వాట్సాప్ గ్రూపులో అన్నారు. నాకూ అదే అనిపించింది. నాంచారయ్య గారికి ఫోన్ చేశాను.

"అది పాచి తిని బతికే పీతండీ మేడం గారూ, చేపల జోలికి పోదు," అన్నారు. "మీకు వద్దనుకుంటే చంపకండమ్మా. ఆదివారం వస్తాగా, తీసుకెళ్ళి నీళ్ళలో వదిలేస్తాను. నేను తెచ్చిన ప్రాణం కదా."

అలాగేనన్నాను. మర్నాడు, అంటే గురువారం, మూడో చేప పోయింది. ఆదివారం దాకా ఆగలేకపోయాను. గాజు గ్లాసులో రొయ్య ముక్క పెట్టి ఇసుక మీద వాల్చితే మధ్యాహ్నానికి పీత అందులోకి దిగింది. దాన్ని స్టీలు మగ్గులో వేసి మరిగే నీళ్ళు పోశాను. కరివేపాకు కుండీలో పాతిపెట్టాను.

శుక్రవారం నాలుగో చేప పోయింది.

రాళ్ళు రెండూ బయటికి తీసి మా ఆయనతో పగలగొట్టించాను. ఒకదాని బొరియలో మూరెడు పురుగు. ఒళ్ళు పొడుగునా కాళ్ళ వరుసలు, కత్తెర లాంటి దవడలు. మా పాఠంలో వచ్చే నీరిస్‌కు దగ్గరి చుట్టం. ఎన్నిసార్లు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పానో! చేపల్ని తిన్నది ఇదీ. పీత ఏ పాపం ఎరగదు.

ఆదివారం నాంచారయ్య గారు, "మన పీత ఏదమ్మా?" అన్నారు.

"ఇసుకలో దూరిందండీ. ఎంత వెతికినా దొరకలేదు," అన్నాను.

ఆయన అద్దం దగ్గర వంగి కాసేపు చూశారు. "పోన్లెండి, హాయిగా ఉన్నట్టుంది," అని నవ్వి వెళ్ళిపోయారు.

మంగళవారం కాలేజీ నుంచి వచ్చేసరికి ఇసుక మీద పీత కుబుసం ఉంది. పెరిగే పీత పాత పెంకు విడిచేస్తుంది, అందులో వింతేం లేదు. నల్లటి నూగు. ఎడమ డెక్క కొస విరిగి ఉంది. చావకముందు ఎప్పుడో విడిచింది ఇప్పుడు పైకి తేలిందనుకున్నాను. కానీ అది, నేను చంపిన పీత కంటే పెద్దది.

ఇసుకంతా జల్లెడ పట్టాను. ఏమీ లేదు. కుండీ తవ్వాను. పీత అక్కడే ఉంది. అక్వేరియం మూత చుట్టూ టేపు అంటించాను.

తొమ్మిది రోజులకు ఇంకో కుబుసం. తర్వాత మరొకటి, నా అరచేయంత. టేపు అంటించింది అంటించినట్టే ఉంది. మా ఆయన ఆటపట్టిస్తున్నారేమోనని ఫోన్‌లో పోట్లాడాను. ఆయన అప్పటికి వారం రోజులుగా హైదరాబాద్‌లోనే ఉన్నారని పోట్లాట మధ్యలో గుర్తొచ్చింది.

మూడూ తీసుకెళ్ళి, ఎక్కడివో చెప్పకుండా మా కాలేజీలో సీనియర్ జువాలజీ మాస్టారికి చూపించాను. పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. "ఇవన్నీ ఒకే పీత కుబుసాలమ్మా. కానీ కుబుసం విడిచినప్పుడల్లా విరిగిన కొస కొంతైనా పెరగాలే! దీనికి అస్సలు పెరగలేదేం?" అన్నారు.

మిగిలిన ఒక్క చేపనూ ఎవరికో ఇచ్చేసి అక్వేరియం ఖాళీ చేశాను. ఆ కుబుసాలు ఎలా వచ్చాయో ఈరోజుకీ నాకు తెలియదు. తెలిసిన జువాలజీ అంతా వాడి చూశాను. దేనికీ అందలేదు.

తర్వాత బస్సెక్కి నాంచారయ్య గారి ఇంటికి వెళ్ళాను. పీతను చంపానని, అబద్ధం చెప్పానని, అంతా చెప్పేశాను. ఆయన వల బాగుచేసుకుంటూ తలెత్తకుండా విన్నారు. కుబుసాల గురించి ఒక్క ముక్క అడగలేదు.

"వేణ్ణీళ్ళు పోసినప్పుడు ఏమన్నా చప్పుడు చేసిందా అమ్మా?" అన్నారు చివరికి.

"లేదండీ," అన్నాను.

చేసింది.